భయం వస్తే ఎడమ చేతికి

రగూసా, సిసిలీ
జనవరి 12

మహారాజశ్రీ గాస్పరె బావగారి దివ్యసముఖానికి,

బావమరిది తద్దెయో వంగి వంగి నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నీ క్షేమం గురించే ఈ ఉత్తరం.

ఫోన్ పెట్టుకుని ఈ కాగితాలెందుకురా అంటావు. అక్క ఆజ్ఞ. క్రిస్మస్ నాడు మనిద్దరం ఫోన్లో అరుచుకున్న అరుపులకి పక్కింటి కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయట. "ఇకమీదట మీ ఎగిరే గైరోల గొడవ కాగితం మీద పెట్టుకోండి. కాగితానికి గొంతు లేదు" అంది. అక్క మాట మీరే ధైర్యం నాకు లేదు. నీకున్నట్టు కూడా పెళ్ళయినప్పటి నుంచీ దాఖలాలు లేవు.

సంగతేమిటంటే, మన క్లబ్బు పెద్దలు వేరే దిక్కు లేక, మార్చి 22 ఆదివారం నాటి భద్రతా పాఠం నన్ను చెప్పమన్నారు. డిగ్రీ ఉంది, ఇక్కడ గైరో నేర్పే ఉద్యోగం ఉంది, గడ్డం ఇంకా రావాలి, అయినా అన్నారు. నిబంధన నీకు తెలుసు. ఏటా ఆ పాఠానికి రానివాడు ఆ ఏడు ఒంటరిగానే ఎగరాలి, వెనక సీట్లో మనిషిని కూర్చోబెట్టకూడదు. నువ్వు రెండేళ్ళుగా రాలేదు. ఒకసారి మలుగు చేపల సంతన్నావు, ఒకసారి పన్ను నొప్పన్నావు. ఈసారి ఏ పన్నుకీ సెలవు లేదు. ఎందుకంటే ఏప్రిల్లో వరిమళ్ళకి నీళ్ళు పెట్టాక నాన్నని గైరో ఎక్కిస్తానని మాటిచ్చావట. ఎనభై ఏళ్ళ ముసలాయన అప్పుడే హెల్మెట్ పెట్టుకుని సూప్ తాగుతున్నాడని అక్క చెప్పింది. పక్క చేను బ్రునో గట్టు జరిపాడో లేదో పైనుంచి తేల్చాలట.

బావా, నీ బుర్ర గైరోకి వచ్చి మూడేళ్ళయింది. నీ కుడి చెయ్యి మాత్రం ఇంకా ముప్ఫై ఏళ్ళు నడిపిన ఆ విమానంలోనే కూర్చుని ఉందని నా అనుమానం. విమానం ముక్కు ఉన్నట్టుండి పైకి లేస్తే నడిపే కర్ర ముందుకు నెడతావు, ప్రాణం దక్కుతుంది. గైరో నెత్తిమీద రెక్కల్ని ఇంజను తిప్పదు కదా. కింది నుంచి కొట్టే గాలే తిప్పుతుంది, తిరనాళ్ళలో పిల్లలు కొనుక్కునే గాలిచక్రంలా. కంగారులో కర్ర ముందుకు తోశావో, ఆ గాలి తెగుతుంది, రెక్కలు నీరసిస్తాయి, ఆ తరవాత ఎంత గొప్ప పాఠమూ నీ చెవిన పడదు. ఎడమ చేత్తో ఇంజను గ్యాస్ తగ్గించాలి, కుడిచేతి కర్ర కదపకూడదు. ఇది నీకు తెలుసు. నీ చేతికి తెలుసా?

పరీక్ష చాలా తేలిక. కుర్చీలో కూర్చో. మోకాళ్ళ మధ్య చీపురు కర్ర నిలబెట్టు. నువ్వు వార్తలు చూస్తూ ఉండగా అక్క వెనక నుంచి వచ్చి "ముక్కు లేచింది!" అని అరవాలి. నీ చెయ్యి ఎటు పోయిందో అక్కే రాస్తుంది. నీ మాట నేను నమ్మను.

నీ పాలిట శని,
తద్దెయో


కొమాక్కియో దగ్గర, మన ఇల్లు
జనవరి 25

ఒరేయ్ తద్దెయో,

ఉత్తరం అందింది. తాతకి దగ్గులు నేర్పడం అంటే ఏమిటో ఇన్నాళ్ళకి కళ్ళారా చదివాను.

నువ్వు పాలపీకతో తిరుగుతున్నప్పుడు నేను ఇంజను లేని గ్లైడర్లని విమానం తోకకి కట్టి, పొద్దస్తమానం ఆకాశంలోకి లాగి వదిలేవాణ్ణి. ఎన్నిసార్లు లాగానో లెక్కలేదు. ఒక్క గీత పడలేదు, నాకు గానీ విమానానికి గానీ. ఇప్పుడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చీపురు ఇస్తావా? ఏదో ఒకనాడు నీకూ పెళ్ళవుతుంది. చీపురు అప్పుడు నీకిస్తారు.

ఇక్కడ మంచు. పది రోజులుగా గట్టు మీది చెట్లు కనబడటం లేదు. గైరో షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకుంది, నేను పొయ్యి దగ్గర. మామగారు రోజూ వచ్చి "అల్లుడూ, ఏప్రిల్ ఇంకెంత దూరం?" అంటున్నారు. పొద్దున్నే బ్రునో ఎదురైతే మీసం దువ్వి, "పైనుంచి చూస్తాలే, అన్నీ కనబడతాయి" అన్నారట. బ్రునో ఆ రోజు నుంచీ నాతో మాట్లాడటం లేదు. మీ వంశంలో ఎవరికీ నోరు అదుపులో ఉండదా?

మీ పాఠం సంగతి. నువ్వు చెప్పేదంతా నాకు తెలుసు. తెలిసింది వినడానికి ఆదివారం పాడు చేసుకోను. మామగారికి ఇచ్చిన మాట మాత్రం తప్పను. నా పొలంలోంచి లేచి నా పొలంలోనే దిగితే క్లబ్బుకేం సంబంధం?

గాస్పరె

(తమ్ముడూ, అడుగున నేను రాస్తున్నాను, ఆయన చూడలేదు. చీపురు పరీక్ష పెట్టాను. అరిచిన ప్రతిసారీ ముందుకే తోశారు. చివరిసారి చీపురు పోయి అత్తగారి పింగాణీ బాతుకి తగిలింది. బాతు పోయింది. నవ్వుకున్నాను గానీ తరవాత నవ్వు రాలేదు. మరి నాన్న వెనకాల కూర్చుంటాడు కదా. – ఓర్నెల్లా)


రగూసా
ఫిబ్రవరి 3

బావా,

పింగాణీ బాతు ఆత్మకి శాంతి కలుగుగాక. భద్రతా విద్య చరిత్రలో దాని త్యాగం వృథా పోదు.

అక్క మీద కేకలెయ్యకు. పరీక్ష పెట్టమన్నది నేను. ఫలితం నువ్వు రాయవని ముందే తెలిసి అక్కని పెట్టాను.

ఇక్కడ సిసిలీలో చలికాలమైనా ఎండే. రోజూ ఎగురుతున్నాం. బాదంచెట్లు పూశాయి. మా బడి యజమాని భార్య నాకు రోజూ వంకాయ పెడుతోంది. ఏం చేసినా వంకాయే. నేను కూడా మెల్లగా ఊదారంగుకి తిరుగుతున్నాను.

మొన్న ఒక పెద్దమనిషి పాఠానికి వచ్చాడు. విమానాల్లో ముప్ఫై ఏళ్ళు నలిగినవాడు. "నాకు నేర్పేదేముంది కుర్రాడా, సంతకం పెట్టెయ్" అంటూ ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక. హాయిగా ఎగురుతున్నాం. కొండ అంచు దాటగానే కింది నుంచి గాలి తోసింది, ముక్కు లేచింది. ఆయన చెయ్యి మెరుపులా ముందుకు పోయింది. పొద్దున్నుంచీ "నాకు తెలుసు, నాకు తెలుసు" అన్న నోరు ఆయనదే, తోసిన చెయ్యీ ఆయనదే. వాటి మధ్య పరిచయం కూడా లేదు. నా చెయ్యి కర్ర మీద కాచుకుని ఉంది కాబట్టి ఆపగలిగాను. నీ గైరోలో వెనక సీట్లో ఉండేది నాన్న. ఆయన చెయ్యి బ్రునో చేను వైపు చూపిస్తూ ఉంటుంది.

ఈ కథే మార్చిలో చెబుదామనుకుంటున్నాను. మన క్లబ్బు ఆచారం ఉండనే ఉంది కదా, పేరు చెప్పకుండా తప్పు చెప్పడం, అందరూ ఎవరిదో ఊహించడం, ఊహకి చిక్కినవాడు నిజంగా వాడైనా కాకపోయినా ఆ పూట బల్లకంతా ద్రాక్షసారా పోయించడం. పేరు చెప్పను. "ముప్ఫై ఏళ్ళ అనుభవం, సొంత పొలం, మంచి మీసాలు" అంటాను, అంతే. చూద్దాం ఎవరు చిక్కుతారో.

రా బావా. వచ్చి వెనక వరసలో కూర్చుని నిద్రపోయినా సరే.

వంకాయల మధ్య నుంచి,
తద్దెయో


కొమాక్కియో
ఫిబ్రవరి 12

తద్దెయోకి,

ముప్ఫై ఏళ్ళ అనుభవం. సొంత పొలం. మీసాలు. మన క్లబ్బులో ఈ మూడూ ఉన్న రెండో మనిషిని చూపించు, నేను మీసాలు తీయించేస్తాను.

నన్ను అంత తెలివితక్కువవాణ్ణి అనుకున్నావా? ముందు చీపురుతో పరీక్ష పెట్టించావు. నా పెళ్ళాం చేత సాక్ష్యం రాయించుకున్నావు. ఇప్పుడు సిసిలీ పెద్దమనిషి అని ఒక కథ అల్లి, నలుగురిలో నిలబెట్టి, "గాస్పరె! గాస్పరె!" అని అరిపించి, నా చేతే సారా పోయిస్తావా? బావమరిది బావని ఏడిపించడం లోకంలో ఉన్నదే, నేను కాదనను. మా పెళ్ళిలో నా బూట్లు కాలవలో పారేశావు, పోనీ అనుకున్నాను. కానీ ఆకాశంలో నా పేరు జోలికి రాకు. నాకు మిగిలిన ఆస్తి అదొక్కటే.

నీ పాఠానికి నేను రాను. అలాగని ఊరుకోనూ లేదు. ఈ వ్యవహారం నా చేతుల్లోకి తీసుకున్నాను. ఇవాళ్టి గురువారం నుంచే మొదలు. నీ సంతకంతో పని లేకుండానే మామగారు వెనక సీట్లో కూర్చుంటారు, నువ్వు అక్కడ కూర్చుని వంకాయలు తిను.

మంచు విడిచింది. నిన్న కాలవ మీద కొంగలు దిగాయి.

గాస్పరె
(మీ అక్క చేత అడుగున ఏమీ రాయించలేదు. కాగితం అంచు కత్తిరించి మరీ పంపుతున్నాను.)


రగూసా
ఫిబ్రవరి 24

బావా,

ఈ ఉత్తరంలో వేళాకోళం లేదు. వెతక్కు.

నిన్న నాన్న ఫోన్ చేశాడు. ఆయనకి రహస్యం దాచడం రాదని నీకు తెలిసి ఉండాల్సింది. "గురువారం గురువారం అల్లుడు హెల్మెట్ కార్లో వేసుకుని రవెన్నా అవతలికి పోతున్నాడు. మొన్న నన్నూ తీసుకెళ్ళాడు. నా హెల్మెట్ కూడా తెచ్చుకోమన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు కాబట్టి నీకు చెప్పడం లేదు" అన్నాడు. ఎగిరావా నాన్నా అని అడిగితే నవ్వి, "మీ అక్క వస్తోంది" అని పెట్టేశాడు.

మన క్లబ్బులో నలుగురి కళ్ళుంటాయని ఊరు మార్చావన్నమాట. సిసిలీ పెద్దమనిషి కథ కాదు, నిజంగానే ఉన్నాడు. ఆయన పేరు కాలోజెరో, నిమ్మతోట ఉంది, మీసాలున్నాయి. ఈ దీవిలో మీసాలు లేకుండా ఉండటం పిల్లులకీ ఆడవాళ్ళకీ కూడా కష్టమే. నిన్ను ఏడిపించడానికి రాయలేదు. ఆ రోజు కిందికి దిగాక తరవాతి పాఠం ఇంకొకరికి అప్పగించాను. అది నీకు రాయలేదు. నవ్విస్తూ చెబితే వస్తావనుకున్నాను. నవ్విస్తూ చెప్పడం తప్ప నాకు ఇంకో పద్ధతి రాదు. అది పనిచెయ్యకపోతే ఏం చెయ్యాలో కాలేజీలో చెప్పలేదు.

నా మీద కోపం ఉంటే నా మీదే చూపించు. నాన్నని దించెయ్యి. ఆయన్ని ఇంకోసారి ఎక్కించావని తెలిస్తే క్లబ్బుకి నేనే రాస్తాను. అప్పుడు నీకూ నాకూ మాటలుండవు. తెలిసే రాస్తున్నాను.

తద్దెయో


కొమాక్కియో
మార్చి 4

ఒరేయ్ పిచ్చి వెధవా,

రాయి. క్లబ్బుకి రాయి. స్టాంపు నేను కొనిపెడతాను.

మీ నాన్న ఎగరలేదు. ఆ రోజు చలి. రన్‌వే పక్క బెంచీ మీద చెవులు గడ్డకట్టుకుపోతాయని హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నారు. అక్కడి కాఫీ బాగుందని రెండు కప్పులు తాగారు. హెల్మెట్ తీయకుండానే తాగారు, కోటు నిండా మరకలు. అందుకే మీ అక్క రాగానే ఫోన్ పెట్టేశారు.

ఇక నా సంగతి. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, క్లబ్బులో ఎవరికైనా చెప్పావో ఈసారి కాలవలో పడేది బూట్లు కావు, నువ్వే.

రవెన్నా అవతల జాయిరా అని ఒక ఆవిడ గైరో నేర్పుతుంది. మీ అక్క కంటే చిన్నది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఈవిడ దగ్గర గంటసేపు ఎగిరి, "గాస్పరె చేతికి ఏ లోపమూ లేదు" అని కాగితం రాయించుకుని, మార్చిలో అందరి ముందూ నీ మొహాన కొడదామని వెళ్ళాను. నేను చేతుల్లోకి తీసుకున్న వ్యవహారం అదీ.

మొదటి గురువారం అంతా సాఫీగా పోయింది. దిగబోయే ముందు ఆవిడ వెనక నుంచి, "గాస్పరె గారూ, మీ వరి ఏ రకం?" అంది. నేను మొదలెట్టాను. నేను వరి గురించి మొదలెడితే తెలుసు కదా. మంచి రసపట్టులో ఉండగా ముక్కు లేచింది. ఆవిడే లేపింది. నా చెయ్యి పోయిందిరా. నేను పంపలేదు, అదే పోయింది. ఆవిడ చెయ్యి అడ్డం ఉంది.

కింద దిగాక కాగితం సంగతి ఎత్తాను.

"కాగితమా? రాస్తాను" అంది.

"ఏమని?"

"మీ వరి గురించి మీకు బాగా తెలుసని."

మామూలుగా అయితే తలుపు ధడాలున వేసి వచ్చేసేవాణ్ణి. బయట బెంచీ, షెడ్డుకి తలుపు లేదు. అందుకని కూర్చున్నాను. ఆవిడ ఒక మాట చెప్పింది. "ముప్ఫై ఏళ్ళు మీ కుడి చెయ్యి మిమ్మల్ని కాపాడింది. దాన్ని మరిచిపొమ్మంటే మరవదు, అవమానం పడుతుంది. దానికి పని చెప్పకండి. మోచెయ్యి తొడ మీద ఆనించి, కర్రని రెండు వేళ్ళతో పట్టుకోండి. భయం వస్తే ఎడమ చేతికి ఇవ్వండి. ముందు కదలాల్సింది గ్యాస్ మీదున్న ఆ చెయ్యే."

అప్పటి నుంచీ గురువారం గురువారం వెళుతున్నాను. ఆవిడ వరి అంటుంది, మలుగు చేపలంటుంది, ఒకసారి "మీ బావమరిది ఎలాంటివాడు?" అంది. అన్నిటికంటే ఎక్కువ పరధ్యానం నాకు ఆ ప్రశ్నకే వచ్చింది. ఇంట్లో మీ అక్క మూత కింద పడేస్తే చాలు, నా ఎడమ చెయ్యి గ్యాస్ తగ్గిస్తున్నట్టు వెనక్కి లాక్కుంటోంది. మొన్న భోజనాల దగ్గర అలా లాగితే సారా గ్లాసు మామగారి ఒళ్ళో పడింది. కోటు ఎటూ మరకలదే.

నువ్వు నవ్విస్తూ చెబితే వినబుద్ధి కాలేదు. నువ్వు నవ్వు మానేసి రాస్తే భయం వేసింది. మళ్ళీ ఎప్పుడూ అలా రాయకు.

మార్చి 22కి వస్తాను.

గాస్పరె


మెస్సినా రేవు
మార్చి 21

బావగారికి,

సిగ్గుతో తల వంచుకుని రాయునది. తల వంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, ఇక్కడ తల ఎత్తితే టోపీ ఎగిరిపోతోంది. జలసంధిలో గాలి. ఓడలు ఆపేశారు. రేపు పొద్దున మీకు గాలి గురించి పాఠం చెప్పాల్సినవాణ్ణి, గాలికే చిక్కి, బెంచీ మీద వేయించిన అన్నపు ఉండలు తింటూ కూర్చున్నాను. పక్కన ఒక అమ్మమ్మ, "ఈదుకుంటూ పోరాదా నాయనా, ఇరుకైన చోట మూడే కిలోమీటర్లు" అంటోంది. భద్రతా విద్య ఈవిడ దగ్గర నుంచి మొదలెట్టాలి.

క్లబ్బుకి ఫోన్ చేసి, నీ సంగతి ఎత్తకుండా జాయిరా గారి పేరు చెప్పాను. నాకు బదులు ఆవిడ పాఠం చెబుతారట. నాకు ఫోన్లో, "వస్తాను, ఒక నమూనా మనిషి కూడా ఉన్నాడు" అన్నారు. నమూనా ఎవరో నేను అడగలేదు. ఈ ఉత్తరం అందేసరికి నీకు తెలిసే ఉంటుంది.

నిన్ను దొంగ అన్నట్టు రాశాను. ఆ ఉత్తరం పొయ్యిలో పెట్టు. నాన్నని నీకు అప్పగిస్తున్నాను. ఇది మాట వరసకి కాదు. ఎక్కించాలో వద్దో ఆ రోజు నువ్వే చూసుకో, నన్ను అడగక్కర్లేదు.

ఓడ కోసం కాచుకుని,
తద్దెయో


కొమాక్కియో
ఏప్రిల్ 27

బామ్మర్దీ,

మూడు సంగతులున్నాయి, వరసగా రాస్తాను, మధ్యలో నవ్వకు.

పాఠం. జాయిరా నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. తరవాత ఒక్కొక్కణ్ణి పిలిచి నా కుర్చీలో కూర్చోబెట్టింది, పాత విమానాలవాళ్ళందరినీ. చేతికి చీపురు కర్రిచ్చి, మాటల్లో పెట్టి, నా చేత వెనక నుంచి అరిపించింది. చాలామంది ముందుకే తోశారు. మన అధ్యక్షుడైతే కుర్చీతో సహా ముందుకి పడ్డాడు. ఆయనకి ఐస్ ముక్క పెట్టాం. ఆ పూట అందరికీ సారా పోయించాల్సినవాడెవడో తేలక, ఎవడి గ్లాసు వాడే పోసుకున్నాడు. క్లబ్బు పుట్టాక మొదటిసారి.

రెండోది. ఏప్రిల్ 19 ఆదివారం. మళ్ళకి నీళ్ళు పెట్టారు, మబ్బు లేదు. మామగారు పెళ్ళికొడుకులా ముస్తాబై వచ్చారు. కొత్త కోటు. మీ అక్క, మీ పిన్నమ్మలు, బ్రునోతో సహా సగం ఊరు గట్టు మీద. గుమ్మడికాయ పిండివంటలు, పందిమాంసం ముక్కలు, పెద్ద తిరనాళ్ళే. ఆయన్ని వెనక కూర్చోబెట్టి బెల్టులు కట్టాను. ఇంజను వేశాను. రెక్కలు తిరగడం మొదలవగానే, గాలి ఎటో చూపే గాలిగుడ్డ వైపు చూశాను. అది అటూ ఇటూ కొట్టుకుంటోంది, ఏ వైపో దానికే తెలియనట్టు. కాసేపు చూశాను. ఇంజను ఆపాను.

"ఏమైంది అల్లుడూ?"

"గాలి బాలేదు మామగారూ. దిగండి."

"ఇంత ఎండలో గాలి బాలేకపోవడమేంట్రా? జనం చూస్తున్నారు!"

"చూడనివ్వండి."

ఆయన దిగలేదు. బెల్టు పట్టుకుని కూర్చున్నారు. నేనే విప్పాను. గట్టు మీద బ్రునో చప్పట్లు కొట్టాడు, అది మెచ్చుకోలు కాదు. మామగారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా మీ అక్కని మధ్యవర్తిగా పెట్టారు. "ముప్ఫై ఏళ్ళు నడిపాడట, గుడ్డ ముక్కకి భయపడ్డాడు" అని ఊరంతా చెప్పారు. నాకు కోపం రాలేదు. నిద్ర కూడా బాగానే పట్టింది.

మూడోది నిన్న. పొద్దున్నే గాలిగుడ్డ కర్రకి అతుక్కుని నిద్రపోతోంది. వెళ్ళి మామగారి తలుపు కొట్టాను. జనం లేరు, పిండివంటలు లేవు, పాత కోటే. లేచాం. ఆకాశమంతా కిందనే ఉందిరా, మళ్ళలో. బ్రునో చేను దాటాక మామగారి గొంతు చెవిలో వినిపించింది, "గట్టు తిన్నగానే ఉంది. ఛీ." బ్రునో మీద ఆశలన్నీ ఒక్కసారిగా పోయాయి పాపం.

కాలవ దాటి దున్నిన నల్లనేల మీదికి వచ్చాం. అప్పటికే ఎండకి కాలింది. కింది నుంచి తోసింది. ముక్కు లేచింది, జాయిరా లేపినట్టు కాదు, నిజంగా. నాకు తెలిసేసరికి గ్యాస్ తగ్గి ఉంది. కుడి చెయ్యి తొడ మీద, రెండు వేళ్ళు, కదల్లేదు. ఒక్క క్షణం ఊగి, దానంతటది సర్దుకుంది. మళ్ళీ గ్యాస్ ఇచ్చాను.

"ఎందుకు తగ్గించావు?" అన్నారు వెనక నుంచి.

"ఊరికే."

దిగాక హెల్మెట్ తీసి, జుట్టు సర్దుకుని, గైరో చుట్టూ ఒకసారి తిరిగారు. నా వైపు చూసి పెదవి విరిచారు.

"ఇంతేనా అల్లుడూ? మీరంతా ఇన్నాళ్ళూ కొట్టుకు చచ్చింది దీని గురించేనా? ఏమీ కాలేదే!"

"అవును మామగారూ, ఏమీ కాలేదు" అన్నాను, కాస్త గట్టిగానే, గట్టు అవతల బ్రునోకి కూడా వినిపించేలా.

మీ బావ,
గాస్పరె